క్లినిక్‌లో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా చేరుతున్నా, సూదంటేనే భయం

కొత్తసూది:
సోమవారం నుంచి ఓ డాక్టర్ల క్లినిక్‌లో హెల్త్‌కేర్ అసిస్టెంట్‌గా చేరుతున్నానండీ. ఇంతకుముందు వృద్ధాశ్రమంలో నాలుగేళ్లు చేశాను. స్నానాలు చేయించడం, తినిపించడం, మంచం మీద పక్కకు తిప్పి పడుకోబెట్టడం, ఇవన్నీ కళ్లు మూసుకుని చేసేస్తాను. ఇక్కడేమో బీపీ, ఈసీజీ, రక్తం తీయడం, యూరిన్ టెస్టులు, చిన్న డ్రెస్సింగులు అంటున్నారు. నేర్పిస్తామన్నారు గానీ రక్తం తీయడం తలచుకుంటేనే చేతులు వణుకుతున్నాయి. ఈ పని చేసేవాళ్లుంటే చెప్పండి, మొదట్లో మీరేం తప్పులు చేశారు?

దూదిపెట్టె:
పదకొండేళ్లుగా ఇదే పని నాది. భయం ఒక నెలలో పోతుంది, అంతకంటే ముందే పోతే నాకు మీ మీద అనుమానం వస్తుంది. నరాన్ని కంటితో కాదు, వేలితో వెతకాలి. పైకి నీలంగా కనిపించేది ఊరిస్తుంది గానీ గుచ్చేసరికి పక్కకు జారిపోతుంది. మోచేతి మడతలో వేలితో నొక్కి వదిలితే స్పాంజిలా పైకి లేచేది మనకు కావలసింది. వేలి కింద కొట్టుకుంటున్నట్టు తగిలితే అది ధమని, దాని జోలికి పోకండి. చేతికి కట్టిన పట్టీ ఒక నిమిషానికి మించి ఉంచొద్దు. రెండుసార్లు గుచ్చినా రాకపోతే మూడోది ఇంకొకరి చెయ్యి, అందులో నామోషీ ఏం లేదు.

తప్పు అడిగారు కాబట్టి చెప్తున్నా. చేరిన కొత్తలో ఒకాయనకు రెండు ట్యూబులు తీయాలి. ముందు పసుపు మూతది, తర్వాత ఊదా మూతది అని నేర్పారు, నేనేమో ముందు ఊదాదే నింపేశాను. పసుపు దాంట్లోకి సగం కూడా రాలేదు, నరం కూర్చుండిపోయింది. ఆయన్ని మళ్లీ గుచ్చడం ఎందుకులే అని మూతలు తీసి ఇందులోంచి అందులోకి కాస్త ఒంపాను. సాయంత్రం ల్యాబ్ నుంచి ఫోను, పొటాషియం ఆకాశంలో ఉంది, కాల్షియం పాతాళంలో ఉంది అని. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ వేస్తారు, అది పొటాషియం ఉప్పు రూపంలో ఉంటుంది, పైగా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. డాక్టరుగారు ఆ మనిషిని రాత్రికి రాత్రి ఆసుపత్రికి పంపారు. అక్కడ మళ్లీ తీస్తే అన్నీ మామూలే. మర్నాడు పొద్దున్నే వెళ్లి నేనే ఇలా చేశానని చెప్పేశాను. తిట్టారు, బాగానే తిట్టారు, కానీ ఉద్యోగం పోలేదు.

రిసెప్షన్_వెనక:
ట్యూబుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. లేబుల్ ముందే అంటించి పెట్టుకోవద్దు. రక్తం తీశాక, ఆ మనిషి కుర్చీలో ఉండగానే రాయాలి. "మీరు ఫలానా కదండీ?" అని అసలు అడగొద్దు, చెవులు సరిగ్గా వినపడని పెద్దవాళ్లు దేనికైనా తల ఊపేస్తారు. "మీ పేరు, పుట్టిన తేదీ చెప్పండి" అని వాళ్ల నోటితోనే చెప్పించాలి. మా దగ్గర ఒకసారి ఒకే ఇంటిపేరున్న ఇద్దరు పక్కపక్కనే కూర్చున్నారు, పిలిచింది ఒకరిని, లేచింది ఇంకొకరు. పుట్టిన తేదీ అడగబట్టి దొరికిపోయింది.

నిదానమేప్రధానం:
అందరూ సూది గురించే భయపడతారు. నన్నడిగితే ఎక్కువ తప్పులు జరిగేది బీపీ దగ్గర, ఎందుకంటే అది తేలిక అనుకుంటాం. వచ్చిన మనిషి మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుంటాడు, మనం వెంటనే పట్టీ చుట్టేస్తాం, పైగా కబుర్లు చెప్తాం. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి, వీపుకు ఆనుడు ఉండాలి, కాలు మీద కాలు వేయకూడదు, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో పెట్టాలి, కొలుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. బాత్రూమ్‌కి వెళ్లాల్సి ఉందేమో కూడా అడగండి, నిజంగానే తేడా వస్తుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, పట్టీ సైజు ఒక ఎత్తు. మంచి భారీ మనిషి ఒకాయన వచ్చారు, మామూలు పట్టీతో 164/102. ఆయన ముఖం పాలిపోయింది. చూస్తే పట్టీ అంటుకోవడమే కష్టంగా ఉంది, చివర పట్టుకుని ఉంది అంతే. సొరుగులోంచి పెద్దది తీసి, కాసేపు ఆగి కొలిస్తే 138/86. చిన్న పట్టీ ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. ఆ పెద్ద పట్టీ సొరుగు అడుగున ఎక్కడో పడి ఉంటుంది, మొదటి రోజే వెతికి పైన పెట్టుకోండి.

చురుకుచేయి:
సూది మన వేలికే గుచ్చుకుంటే కంగారు పడొద్దు, గట్టిగా పిండి రక్తం పోనిచ్చి డెట్టాల్ రాస్తే చాలు. నాకు రెండుసార్లు అయింది, ఏమీ కాలేదు.

దూదిపెట్టె:
తమ్ముడూ, ఇది మాత్రం ఎవరూ పాటించొద్దు. పిండకూడదు. పారే నీళ్ల కింద సబ్బుతో కడిగి, ఆ నిమిషమే పైవాళ్లకు చెప్పాలి. ఎవరి సూదో రాయించాలి. హెచ్ఐవీకి ముందు జాగ్రత్త మందు అవసరమని డాక్టరు అంటే ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు. నీకేమీ కాలేదంటే అది నీ అదృష్టం. కొత్తసూది గారూ, హెపటైటిస్ బి టీకా అయిందా? మూడు డోసులూ అయ్యాక పని చేసిందో లేదో రక్తపరీక్షతో చూస్తారు, అది అడిగి మరీ చేయించుకోండి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకండి, నేరుగా డబ్బాలోకే.

చురుకుచేయి:
సరే అక్కా, ఒప్పుకున్నా. పిండమని నాకు చెప్పింది కూడా ఒక సీనియరే.

ఆఖరికుర్చీ:
చేతిపని ఎవరైనా నేర్పుతారు, నోటిపని మాత్రం మనమే నేర్చుకోవాలి. రిపోర్ట్ మీ చేతిలో చూడగానే "బాగానే ఉందా అమ్మా?" అంటారు. బాగుందనీ చెప్పకూడదు, బాగాలేదనీ చెప్పకూడదు, ముఖం కూడా మామూలుగా పెట్టాలి. "డాక్టరుగారు చూసి చెప్తారు, మీరు అడిగారని రాసిపెడతాను" అంటాను, అని నిజంగానే రాసిపెడతాను.

ఇంకో సంగతి, డాక్టరుకు చెప్పనివి మనకు చెప్తారు. ఒకావిడకు బీపీ చూస్తుంటే "ఈ మధ్య మెట్లెక్కితే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంటోంది, గ్యాస్ ఏమోలే" అంది నవ్వుతూ. పట్టీ అక్కడే వదిలేసి పక్క గది తలుపు కొట్టాను. అది గ్యాసా కాదా తేల్చడం నా పని కాదు, ఆ మాట ఆ గదిలోనే ఆగిపోకుండా చూడటం నా పని.

పాత చోట నన్ను "నీకు వస్తుందిగా, చేసేయ్" అంటూ నేర్పని పనులు కూడా చేయించబోయారు. రద్దీ రోజున కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నేర్పి, చూసి, సంతకం పెట్టేదాకా ముట్టుకోనని అన్నాను. మూడు వారాలు ముభావంగా ఉన్నారు, అంతే.

రిసెప్షన్_వెనక:
టీకాల ఫ్రిజ్ కూడా మీ నెత్తినే పడుతుంది చూడండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజూ రాయాలి. వేడెక్కడం ఒక్కటే కాదు, గడ్డకట్టినా చాలా టీకాలు పాడైపోతాయి. అందుకే టీకాలను ఫ్రిజ్ లోపలి వెనక గోడకు ఆనించి పెట్టకండి.

కొత్తసూది:
రెండు వారాలయిందండీ, చెప్పాలనిపించి వచ్చాను. పెద్ద పట్టీ నిజంగానే అట్టడుగు సొరుగులో ఉంది!! నిన్న తొమ్మిది మందికి రక్తం తీశాను, ఇద్దరికి దొరకలేదు, నర్సక్కను పిలిచాను. కండలు తిరిగిన కుర్రాడొకడు సూది చూడగానే తెల్లబోయి కుర్చీలోంచి జారాడు, పట్టుకుని పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాం, రెండు నిమిషాల్లో లేచాడు. ఇప్పుడు ముందే అడుగుతున్నా, ఎప్పుడైనా కళ్లు తిరిగాయా అని. అవునంటే మంచం మీదే తీస్తున్నా. రేపు ఈసీజీ నేర్పిస్తారట, ఏం చూసుకోవాలి?

దూదిపెట్టె:
పడుకున్న మనిషికి ఎదురుగా నిలబడితే వాళ్ల కుడిచెయ్యి మనకు ఎడమవైపు ఉంటుంది, అక్కడే అందరికీ తిరగబడుతుంది. చేతుల వైర్లు తారుమారైతే మొదటి లీడ్, అంటే కాగితం మీద 'I' అని ఉండే గీత, తలకిందులుగా వస్తుంది, అది కనపడితే గుండెను అనుమానించే ముందు వైర్లు చూసుకోండి. గది చల్లగా ఉంటే దుప్పటి కప్పండి, వణికితే గీతలన్నీ వణుకుతాయి.