3060 గ్రాఫిక్స్ కార్డుకు ఎన్ని వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా)? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది

కొర్లగుంట_పీసీ: రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు, ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఒక హార్డ్ డిస్క్. తిరుపతిలో క్యాబినెట్‌తో పాటే 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఇస్తామంటున్నారు. చాలుతుందా, చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి విడిగా తెచ్చుకోవాలా?

చిత్తూరు_సర్వీస్: అన్నా, డబ్బా మీద 450 అని పెద్దగా రాసింది వదిలేయండి. పక్క స్టిక్కర్‌లో +12 వోల్ట్ల గడి చూడండి. ప్రాసెసర్, కార్డు రెండూ కరెంటు తీసుకునేది అక్కణ్ణుంచే. అక్కడ 16 ఆంపియర్లని ఉంటే 12 × 16 = 192 వాట్లు, అంతే. మిగతాదంతా 5, 3.3 వోల్ట్ల లైన్లలో కలిపి చూపిన లెక్క, ఇప్పటి పీసీకి దాంతో పెద్దగా పని లేదు. మీ కార్డుకే 170 వాట్లు, ప్రాసెసర్‌కు 76, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు 50 వేసుకోండి. దగ్గర దగ్గర 300. +12లో 45 ఆంపియర్లిచ్చే 550 వాట్ల బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే రేటింగ్) తీసుకోండి. ఈ కార్డు చిప్ చేసే ఎన్విడియా కంపెనీ చెప్పేదీ 550యే. 750 దండగ.

రేణిగుంట_రాత్రి: ఎండల సంగతి కూడా చూసుకోండి. కొన్ని కంపెనీలు పూర్తి వాట్లు 40 డిగ్రీల దగ్గర లెక్కగడతాయి, కొన్ని 50 దగ్గర. మే నెలలో మన గదే 40కి దగ్గర పడుతుంది, క్యాబినెట్ లోపల ఇంకా ఎక్కువ. 50 అని రాసిందే కొనండి. క్యాబినెట్ అడుగున జాలీ ఉంటే ఫ్యాన్ కిందికి పెట్టి బిగించండి.

పుత్తూరు_బోరు: ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని యూపీఎస్ మోడ్‌కు మార్చండి. మామూలు మోడ్‌లో కరెంటు పోయినప్పుడు మారేదానికి ఎక్కువ సేపు పడుతుంది, పీసీ రీస్టార్ట్ అవుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ కరెంటు పోయినా సుమారు 16 మిల్లీసెకన్లు పీసీని నడుపుతుంది, చౌకవాటిలో కెపాసిటర్ చిన్నది, అంతసేపు నడపలేవు. పల్లెల్లో బోరు మోటరు ఎత్తుకున్నప్పుడు వోల్టేజి జారినా ఇదే జరుగుతుంది. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌ది (కరెంటు అల మెట్లు మెట్లుగా ఇచ్చేది) అయితే, యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌లు గుయ్యిమనొచ్చు, ఆగిపోనూవచ్చు. సైన్ వేవ్‌దే మేలు.

కొర్లగుంట_పీసీ: 550 ఖాయం చేసుకున్నా. ఇంకొకటి: పాత పీసీ క్యాబినెట్ స్క్రూ తాకితే చేయి జివ్వుమంటాది, టెస్టర్ వెలుగుతాది. ఎస్‌ఎంపీఎస్ లీకేజీయా?

చిత్తూరు_సర్వీస్: చాలావరకు ఎర్తింగ్ లేకనే. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్‌లో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలుస్తాయి. ఎర్త్ తీగ తెగితే బాడీ మీద 115 వోల్ట్ల దాకా తేలుతుంది, కరెంటు మాత్రం బహు తక్కువ. పీసీ ప్లగ్ ఉంచి, అదే బోర్డులో పక్క సాకెట్‌లో మల్టీమీటర్ పెట్టండి. ఫేజ్–ఎర్త్ కూడా ఫేజ్–న్యూట్రల్ లాగే 230 చిల్లర రావాల. న్యూట్రల్–ఎర్త్ మధ్య 3 వోల్ట్లలోపు ఉండాల. కొత్తది కొన్నా ఎర్తింగ్ లేకపోతే ఆ జివ్వు పోదు.

రేణిగుంట_రాత్రి: కొనేటప్పుడు ప్రాసెసర్‌కు 4+4, కార్డుకు 6+2 పిన్నుల కేబుళ్లు ఉన్నాయా చూడండి. మోలెక్స్ (పాతకాలం డిస్కుల 4 పిన్నుల ప్లగ్) నుంచి కార్డుకు కలిపే అడాప్టర్ వద్దు, కరగొచ్చు. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీసి పెట్టుకునే రకం) అయితే పాతదాని కేబుళ్లు కొత్తదానికి గుచ్చొద్దు. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకొకటి, 5 రావాల్సినచోట 12 వస్తే హార్డ్ డిస్క్ క్షణంలో పోతుంది.

కొర్లగుంట_పీసీ: ఫేజ్–ఎర్త్ 112 చూపిస్తోంది.

చిత్తూరు_సర్వీస్: ఎర్త్ తెగిందన్నా. ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా పీసీ ఆన్‌లో ఉండగా టీవీకి హెచ్‌డీఎంఐ గుచ్చొద్దు, పోర్టు కాలిపోవచ్చు.