అమెరికా థర్మోస్టాట్‌ను హన్మకొండలో డక్టబుల్ ఏసీకి పెట్టొచ్చా?

నయీంనగర్_ఇల్లు:
నమస్తే అన్నలూ. ఇల్లు హన్మకొండలో. కింద హాలుకు, డైనింగ్‌కు కలిపి 5.5 టన్నుల డక్టబుల్ ఏసీ (గొట్టాల నుంచి గాలి వచ్చే రకం) ఉన్నది. త్రీ ఫేజ్, ఇన్వర్టర్ రకం కాదు. పైన రెండు బెడ్‌రూములకు 1.5 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్లు. మా అన్న డాలస్ నుంచి వస్తూ ఒక స్మార్ట్ థర్మోస్టాట్ పట్టుకొచ్చిండు. దాని వెనక ఆర్, సీ, వై, జీ, డబ్ల్యూ, ఓ/బీ అని ఆరు టెర్మినళ్లున్నయి. గోడ మీద ఇప్పుడున్న పాతదానికి నాలుగే తీగలు: ఎరుపు, నలుపు, పసుపు, నీలం. "ఆర్‌కు ఫేజు, వైకి కంప్రెసర్ తీగ ఇస్తే అయిపాయె" అంటున్నడు ఎలక్ట్రీషియన్. ఇయ్యొచ్చా? స్ప్లిట్లకు కూడా ఇట్లాంటిదే పనికొస్తదా? షెడ్యూల్ ఎట్ల పెట్టాలె?

కాజీపేట_మెకానిక్:
ముందుగాల ఆయనను ఆపుండ్రి. అది 24 వోల్టుల ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటు మీద నడిచే వస్తువు. ఆర్ కరెంటు వచ్చేది, సీ తిరిగిపోయేది, వై కంప్రెసర్‌కు, జీ ఫ్యానుకు, డబ్ల్యూ హీటర్‌కు. ఆర్‌కు 230 ఇచ్చిన్రంటే లోపలి బోర్డు ఒక్క క్షణంల మాడిపోతది, రిపేరుకు కూడా పనికిరాదు. డబ్బాల అమెరికా ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే దాన్నీ పెట్టొద్దు. అది 120 వోల్టులది.

కొత్తదాన్ని గోడ మీద పెట్టుకోవచ్చు గాని, నడుమ రిలేలు (చిన్న కరెంటుతోని పెద్ద లైనును కలిపే, తెంపే స్విచ్‌లు) కావాలె. సామాను ఇది: 230/24 వోల్టుల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్, 40 వీఏది (వీఏ అంటే ఎంత లోడు మోస్తదో ఆ లెక్క) ఒకటి. 24 వోల్టుల *ఏసీ* కాయిల్ రిలేలు రెండు, సాకెట్లతో. ప్రైమరీకి (230 వైపు) అర ఆంపియర్, సెకండరీకి (24 వైపు) 2 ఆంపియర్ల ఫ్యూజులు. రిలే కొనేటప్పుడు మీద రాసింది చదువుండ్రి. దుకాణంల అడగంగనే చేతుల పెట్టేది ఎక్కువగా డీసీ కాయిల్‌ది. దానికి ఏసీ ఇస్తే గరగరమని కొట్టుకుంటది, కాంటాక్టులు కాలిపోతయి.

ఇవన్నీ గోడ దగ్గర కాదు, యూనిట్ ప్యానెల్‌లనే పెట్టాలె. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ ఒక కొస ఆర్‌కు, ఇంకో కొస సీకి. వైకి సీకి నడుమ ఒక రిలే కాయిల్, జీకి సీకి నడుమ రెండోది. డబ్ల్యూ, ఓ/బీ ఖాళీగ ఉండనీయండి. రిలేల ఎన్ఓ కాంటాక్టులు (మామూలుగ తెరిచి ఉండి, కాయిల్‌కు కరెంటొస్తే కలిసేవి) పాత థర్మోస్టాట్ చేసిన పనే చేస్తయి, అంతే.

ఒక్క మాట గట్టిగ చెప్తున్న. హెచ్‌పీ, ఎల్‌పీ స్విచ్‌లు (గ్యాసు ప్రెషర్ మరీ పెరిగినా, పడినా ఆపేవి), ఓవర్‌లోడు (మోటారు ఎక్కువ కరెంటు గుంజితే ఆపేది), సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఫేజు పోయినా, తారుమారైనా ఆపేది) ఒకదాని వెనక ఒకటి వరుసగ ఉంటయి. రిలే కాంటాక్టు ఆ వరుసల ఇంకొకటిగ చేరాలె గాని, దాన్ని దాటేసి సీదా కాంటాక్టర్ (కంప్రెసర్‌కు కరెంటు కలిపే పెద్ద స్విచ్) కాయిల్‌కు పోవద్దు. ఫేజు తారుమారై స్క్రోల్ కంప్రెసర్ ఉల్టా తిరిగితే ఏ స్మార్ట్ థర్మోస్టాట్ కాపాడదు.

ప్యానెల్_వైరింగ్:
పైన చెప్పినదంతా సరైనదే. మన దగ్గర కరెంటు ఎట్లుంటదో తెలిసిందే కాబట్టి రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది వోల్టేజీ. మే నెల సాయంత్రాలు లోడు పెరిగి 230 కాస్తా 190కి దిగితే సెకండరీలో 24 బదులు దాదాపు 20 వోల్టులే వస్తాయి. మామూలు రిలే 80 శాతం దగ్గర, అంటే 19.2 వోల్టులకు పట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైనా, తీగ సన్నగా ఉండి ఇంకొంచెం పడిపోయినా రిలే పట్టీ పట్టనట్టు టకటకమంటుంది, దానితోపాటే పెద్ద కాంటాక్టరూ. అందుకే రిలేలు రెండూ ఐదారు వీఏ తీసుకున్నా ట్రాన్స్‌ఫార్మర్ 40 వీఏది పెట్టమనేది. సర్వో స్టెబిలైజర్ ఉంటే ఈ బాధ లేదు.

రెండోది పవర్ కట్. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంట్లోని బ్యాటరీ ఇన్వర్టర్ లైను ఇవ్వకండి. "కరెంటు పోయినా థర్మోస్టాట్ ఆన్‌లో ఉంటది కదా" అని చాలామంది ఇస్తారు. అప్పుడేమవుతుందంటే, కరెంటు లేనంతసేపూ థర్మోస్టాట్ చల్లదనం అడుగుతూనే ఉంటుంది, వై రిలే పట్టే ఉంటుంది. కరెంటు రాగానే కంప్రెసర్ తక్షణం మొదలవుతుంది. లోపల ప్రెషర్ ఇంకా సమం కాలేదు, మోటారు బిగుసుకుని ఓవర్‌లోడు ట్రిప్ అవుతుంది. థర్మోస్టాట్‌లో 5 నిమిషాల ఆలస్యం ఉన్నా, దానికి కరెంటు పోయినట్టే తెలియదు కదా, ఏం లాభం? ట్రాన్స్‌ఫార్మర్ ఫీడు డక్టబుల్ ప్యానెల్ నుంచే తీసుకోండి. కొన్ని థర్మోస్టాట్లలో లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, కాబట్టి ఇదొక్కటీ చాలదు. వై రిలే తర్వాత 230 వోల్టుల ఆన్ డిలే టైమర్ (కరెంటు అందాక కాసేపు ఆగి కలిపేది) ఒకటి పెట్టి 3 నిమిషాలకు తిప్పండి. కరెంటు కన్నార్పినా టైమర్ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతుంది. ఈ టైమర్ లేకుండా బిగించడం నా దృష్టిలో సగం పనే.

స్ప్లిట్ల సంగతి వేరు. ఇన్వర్టర్ స్ప్లిట్‌లో ఆన్, ఆఫ్ చేసే తీగే ఉండదు. లోపలి యూనిట్, బయటి యూనిట్ సిగ్నల్ తీగ మీద మాట్లాడుకుని కంప్రెసర్ వేగం మార్చుకుంటాయి. బయటి యూనిట్ లైనును థర్మోస్టాట్‌తో తెంపితే ఎర్రర్ కోడ్ వస్తుంది, లేదంటే బోర్డే పోతుంది. కంపెనీ వైఫై మాడ్యూల్ దొరికితే అదే మేలు. లేకపోతే రిమోట్ పని చేసే ఐఆర్ కంట్రోలర్. అయితే అది చెప్పడమే గాని వినదు: ఎవరైనా చేతి రిమోట్‌తో ఆపేస్తే దాని యాప్‌లో ఏసీ నడుస్తున్నట్టే చూపిస్తుంది.

ఆదిలాబాద్_చలి:
డబ్ల్యూకు హీటర్ ఇస్తే చలికాలం పనికిరాదా? మా దగ్గర డిసెంబర్ రాత్రులు బాగ పడుతయి.

కాజీపేట_మెకానిక్:
డక్టులో హీటర్ పెట్టాలంటే వేరే కాంటాక్టర్, గాలి ఆగితే హీటర్ తెగిపోయే ఇంటర్‌లాక్, వేడి మితిమీరితే కొట్టేసే కటౌట్ మూడూ ఉండాలె. ఉత్త రిలేతోని నడిపితే అగ్గిపుట్టే పని. హన్మకొండకు అంత అక్కరలేదు. మీకు ఆదిలాబాద్‌ల కావాలంటే హాట్ అండ్ కోల్డ్ ఇన్వర్టర్ స్ప్లిట్ తీసుకోండి, గ్యాసునే ఉల్టా తిప్పి వేడి ఇస్తది. ఓ/బీ టెర్మినల్ ఉన్నది ఆ తిప్పే వాల్వు కోసమే. ఇక్కడ కూల్ ఓన్లీ మెషీన్‌కు సెటప్‌ల హీట్ పంప్ అని ఎన్నుకోవద్దు. కూలింగ్ 1 స్టేజ్, హీటింగ్ లేదు అని పెట్టండి.

సుబేదారి_ఏసీ:
షెడ్యూల్ గురించి ఎవరూ రాయలే. ముందు ఫారెన్‌హీట్ తీసేసి సెల్సియస్ చేయండి, టైం జోన్ మన దేశానిది పెట్టండి. డాలస్ టైం అట్లనే ఉంటే, ఎండాకాలంలో మీరు పొద్దున 6కు పెట్టింది ఇక్కడ సాయంత్రం 4:30కు మొదలవుతది. "థర్మోస్టాట్ పిచ్చిగ చేస్తున్నది" అనే ఫిర్యాదులు సగం ఇదే.

పగలు ఇంట్ల ఎవరూ లేకపోతే: పొద్దున 6కు 27, తొమ్మిదిన్నరకు 30, సాయంత్రం నాలుగున్నరకు 26, రాత్రి పదిన్నరకు మళ్ల 27 పెట్టి సీలింగ్ ఫ్యాను వేసుకోండి. నాలుగున్నరకే ఎందుకంటే, మధ్యాహ్నం 44 డిగ్రీల ఎండల కాలిన స్లాబు ఆ వేడిని లోపలికి వదిలేది సాయంత్రమే. ఆరింటికి మొదలుపెడితే పది దాకా అందుకోలేదు. 22, 20 పెడితే తొందరగ చల్లబడదు, మెషీన్ ఆగకుండ నడుస్తదంతే. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతదని బీఈఈ (కేంద్ర ప్రభుత్వ కరెంటు పొదుపు సంస్థ) లెక్క. 2020 నుంచి రూం ఏసీలకు డిఫాల్ట్ 24 చేసింది కూడా అందుకే.

డిఫరెన్షియల్ (మెషీన్ ఆగే డిగ్రీకి, మళ్ల లేచే డిగ్రీకి నడుమ తేడా) మార్చుకునే వీలుంటే 1 డిగ్రీ పెట్టండి. అర డిగ్రీ పెడితే కంప్రెసర్ గంటకు ఎన్నోసార్లు ఆగి లేస్తది.

కొత్తది బిగించేటప్పుడు గోడల పైపు నోటిని పుట్టీతో మూసేయండి. స్లాబు నుంచి దిగే పైపుల వేడి గాలి నేరుగ సెన్సర్ వెనకకు వస్తది, గది 26 ఉన్నా అది 28 అంటది. ఎత్తు 5 అడుగులు. పడమటి గోడ, వంటింటి పక్క, టీవీ మీద, దేవుని దీపం దగ్గర వద్దు.

నయీంనగర్_ఇల్లు:
శానా థాంక్స్. పాతదాన్ని తీసి మీటర్ పెట్టి చూపించిన. ఎరుపు–నలుపు నడుమ 232 ఎప్పుడూ ఉన్నది. ఫ్యాను ఆన్ చేస్తే నీలం–నలుపు 232. సెట్టింగ్ తగ్గిస్తే పసుపు–నలుపు కూడా 232. కొత్తగ తీగ లాగాల్నా?

ప్యానెల్_వైరింగ్:
అక్కర్లేదు, అదృష్టం బాగుంది. మీటర్ పెట్టడం మంచిదైంది. త్రీ ఫేజ్ ఇంట్లో ఎరుపు, పసుపు, నీలం చూసి మూడు ఫేజులనుకునే ప్రమాదం ఉంది. మీ దాంట్లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, పసుపు కంప్రెసర్, నీలం ఫ్యాను.

మెయిన్ ఎంసీబీ దించి, మీటర్‌తో సున్నా చూసుకుని, ప్యానెల్ వైపు ఆ నాలుగు కొసలూ విప్పండి. ఏ టెర్మినల్ నుంచి ఏది విప్పారో టేపు మీద రాసి అంటించండి. ఖాళీ అయిన ఎరుపు, నలుపు టెర్మినళ్ల నుంచి ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీకి. ఎరుపు టెర్మినల్ నుంచే రెండు రిలేల కామన్‌కు. జీ రిలే ఎన్ఓ నీలం టెర్మినల్‌కు. వై రిలే ఎన్ఓ టైమర్ ఏ1కు (ఏ1, ఏ2 టైమర్‌కు కరెంటు ఇచ్చే టెర్మినళ్లు), టైమర్ కాంటాక్టు కామన్‌కు. ఏ2 న్యూట్రల్‌కు, టైమర్ కాంటాక్టు ఎన్ఓ పసుపు టెర్మినల్‌కు.

ఇక గోడకు పోయే నాలుగు తీగలు 24 వోల్టులవి: ఎరుపు ఆర్, నలుపు సీ, పసుపు వై, నీలం జీ. ఆ పైపులో వేరే 230 తీగ ఏదైనా కలిసి పోతుంటే మాత్రం వీటికి వేరే పైపు వేయాలి. థర్మోస్టాట్ పెట్టకముందే ఎంసీబీ వేసి ఆర్–సీ చూడండి, 24 నుంచి 28 లోపు రావాలి. తర్వాత ఎంసీబీ దించి, చిన్న వైరు ముక్కతో ఆర్–జీ కలిపి వేస్తే ఫ్యాను తిరగాలి. మళ్లీ దించి, వైని కూడా వాటికి కలిపి వేస్తే మూడు నిమిషాలకు కంప్రెసర్ లేవాలి. రెండూ లేచాక ఎంసీబీ దించి, ముక్క తీసేసి, థర్మోస్టాట్ బిగించండి.