‘అగొరా’ను సంత అనవచ్చునా?

ప్రాచీన గ్రీకు నగరాల గురించి రాసేటప్పుడు ‘అగొరా’ను ‘సంత’ అని తెలిగించవచ్చునా అని అడిగిన మిత్రులకు నా సమాధానం: ఆ మాట సగం అర్థాన్నే ఇస్తుంది, అదీ తర్వాతి కాలంలో వచ్చి చేరిన సగాన్ని. ‘పోగుచేయు, కూడగట్టు’ అనే అర్థమున్న గ్రీకు క్రియ నుంచి పుట్టిన ‘అగొరా’ శబ్దానికి ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాల్లో జనం కూడిన సభ అనే అర్థం; సభ జరిగే చోటుకూ, ఆ చోట సాగే బేరసారాలకూ అదే పేరు పాకి, నేటి గ్రీకులో ప్రధానంగా బజారుకూ కొనుగోలుకూ నిలిచింది.

నేటి తుర్కియేలోని ప్రియెనె పట్టణం చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో మికాలె కొండవాలు మీద కట్టిన ఆ ఊళ్లో, వాలుకు ఎదురెక్కే వీధులు మెట్లదారులుగా మారినా సరే, వీధులు నిలువుగా, అడ్డంగా కోసుకునే గళ్ల పద్ధతిని విడువలేదు. ఒక్కొక్క గడి సుమారు 47 మీటర్ల పొడవు, 35 మీటర్ల వెడల్పు. ఆ గళ్ల నడుమ విడిచిన బయలే అగొరా. పడమటి ద్వారం నుంచి వచ్చే ప్రధాన వీధి దాని గుండానే సాగుతుంది. దాని అంచుల్లో స్తంభాల వసారాలు, ఉత్తరపు వసారా వెనుక, మూడు వైపులా మెట్ల వరుసల మీద సుమారు 640 మంది కూర్చోగల సభామందిరం ఉన్నాయి. తిండి సరుకులకు మాత్రం పడమట వేరే చిన్న ఆవరణ ఉంది. ఏమీ అమ్మని అగొరా ఒకటి, వ్యాపారానికి మరొకటి ఉండాలని అరిస్టాటిల్ కూడా అన్నాడు.

సంత వారానికొకసారి కూడి చెదిరిపోతుంది. తెలంగాణలో ‘అంగడి’ అన్నా అదే. నాకు దగ్గరగా తోచేది ‘రచ్చ’. వీధి అనే అర్థమున్న ‘రథ్య’కు తద్భవమైన ఈ మాట, ఊరి పెద్దలు కూర్చుని తగవులు తీర్చే బహిరంగ స్థలాన్ని సూచించింది, ‘ఇంట గెలిచి రచ్చ గెలువు’ అన్న సామెతలో ఆ అర్థమే నిలిచి ఉంది. ఇప్పుడు రచ్చ అంటే గొడవ అనే వాడుక బలపడింది గనుక, దానిని ఒంటరిగా వాడితే పాఠకుడు తడబడతాడు. అందుకే మొదటిసారి ‘అగొరా అనే నగరపు రచ్చ’ అని రాసి, ఆపైన అగొరా అనే ఉంచి, ‘అంగడి’ని ప్రియెనె పడమటి ఆవరణకు కేటాయించడం మేలని నా అభిప్రాయం.