గండమ్ 1979: 43 ఎపిసోడ్లూ చూడాలా, మూడు సినిమాలు సరిపోతాయా?

వైజాగ్ కుర్రాడు:
డీమన్ స్లేయర్, టైటాన్ అన్నీ అయిపోయాయి, ఇప్పుడు పాతవాటి మీద పడ్డా. పెద్ద పెద్ద రోబోల యుద్ధం మీద వచ్చిన జపాన్ యానిమే గండమ్ మొదటి సిరీస్ మొదలుపెడదామంటే 43 ఎపిసోడ్లున్నాయి, అదే కథని 1981, 82ల్లో మూడు సినిమాలుగా కుదించారంట. సిరీస్ దాదాపు 17 గంటలు, సినిమాలు మూడూ కలిపినా ఏడు గంటలకి అటూ ఇటూ. నేను ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికే తొమ్మిదవుతుంది. సినిమాలు చూసేసి డైరెక్టుగా దాని తర్వాతి సిరీస్ జీటాకి వెళ్ళిపోతే ఏమైనా పోతుందా? సగం మంది చాలంటున్నారు, సగం మంది అలా చూస్తే చూసినట్టే కాదంటున్నారు. కథ చెప్పేయకుండా చెప్పండి ప్లీజ్.

నైట్‌షిఫ్ట్:
సినిమాలే చూడు తమ్ముడూ, డౌటే పెట్టుకోకు. ఇవి ఎవరో బయటివాళ్ళు కత్తిరించి అతికించినవి కావు, సిరీస్ తీసిన టోమినోయే మళ్ళీ కూర్చుని చేసుకున్నవి. టీవీలో వచ్చినప్పుడు రేటింగులు లేవు, 52 అనుకున్నదాన్ని 43కి ఆపేశారు, అందుకే చివర్లో అంతా పరుగో పరుగు. పైగా డబ్బు పెట్టింది క్లోవర్ అనే బొమ్మల కంపెనీ, వాళ్ళకి అమ్ముకోడానికి ఏదో ఒక కొత్త బొమ్మ కావాలి కాబట్టి మధ్యలో జి-ఫైటర్ అని ఒక విమానం వచ్చి పడుతుంది, గొలుసుకి ముళ్ళ గుండు కట్టి గండమ్ రోబో గిరగిరా తిప్పుతుంది, సీరియస్‌గా నడుస్తున్న యుద్ధంలో అవి చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. సినిమాల్లో జి-ఫైటర్ పోయి కోర్ బూస్టర్ అనే ఫైటర్ విమానం వచ్చింది, యుద్ధం యుద్ధంలా ఉంది. అన్నిటికంటే పెద్ద విషయం, క్యారెక్టర్లు డిజైన్ చేసిన యసుహికో సిరీస్ చివర్లో జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు, ఆ ఎపిసోడ్లలో ముఖాలు చూస్తేనే తెలిసిపోతుంది. మూడో సినిమాకి తిరిగొచ్చి బోలెడంత కొత్తగా గీశాడు. అదొక్కటి చాలు నాకు.

శారద:
నైట్‌షిఫ్ట్ గారు చెప్పిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు, అయినా నేను సిరీస్ అనే అంటాను. ఎందుకంటే సినిమాల్లో పోయింది బొమ్మలు మాత్రమే కాదు. 14వ ఎపిసోడ్ తీసుకోండి. శత్రువుల వైపు మామూలు సిపాయిలు కొంతమంది, పేరున్న వాళ్ళెవరూ కాదు, ఈ గండమ్‌ని లేపేస్తే ఇంటికి వెళ్ళిపోవచ్చు అనే ఆశతో ఎగిరే బళ్ళమీద వచ్చి దానికి బాంబులు అతికించేసి పోతారు. గండమ్ నడిపే హీరో అమురో ఒక్కడే ఎక్కి, టైమ్ అయిపోయేలోపు ఒక్కొక్కటీ ఊడదీసి పారేస్తాడు. అదే ఎపిసోడ్ మొత్తం. చివర్లో ఆ సిపాయిలు మామూలు బట్టలేసుకుని వస్తారు, అంత ధైర్యం చేసిన కుర్రాడెవడో ఒకసారి మొహం చూసి పోదామని. మెయిన్ కథకి దీంతో పనేం లేదు కాబట్టి సినిమాలో లేదు. కానీ రెండు వైపులా ఉన్నది అలిసిపోయిన మనుషులే అని నాకు తెలిసింది ఇక్కడే, పెద్ద పెద్ద ప్రసంగాల్లో కాదు. 16వ ఎపిసోడ్ అమురో వాళ్ళు తిరిగే యుద్ధనౌకలో ఉప్పు అయిపోవడంతో మొదలవుతుంది! ఓడ నిండా మనుషులు, వంటకి ఉప్పు లేదు, దానికోసం దారి మార్చుకుని వెళ్ళాలి. యుద్ధం మీద ఇన్ని సినిమాలు చూశాం కదా, ఉప్పు గురించి ఆలోచించినవి ఎన్ని ఉన్నాయి? వారానికొకటి చొప్పున నెలల తరబడి ఆ ఓడలో వాళ్ళతో పాటు తిరిగితేనే అమురో విసిగిపోయి మొండికేసినప్పుడు మనకి కోపం రాకుండా జాలి వేస్తుంది, సినిమాలో అయితే ఇందాకే కదా వీడు హీరో, ఇప్పుడేమైంది వీడికి అనిపిస్తుంది.

కరీంనగర్ జాకు:
నేను రెండూ చూసిన, అక్క చెప్పిందే కరెక్ట్ అనిపిస్తది. ఒక్క ముచ్చట ఎవ్వరూ చెప్తలేరు, ఆ సినిమాలు ఎవరి కోసం తీసిండ్రు? సిరీస్ ఆగిపోయినంక మళ్ళ మళ్ళ టీవీల వేసిండ్రు, 1980 సంవత్సరంల బండాయ్ కంపెనీ గండమ్ ప్లాస్టిక్ కిట్లు దించింది, అప్పుడు జపాన్ పోరగాళ్ళకు పిచ్చి లేసింది, ఆ ఊపుల వచ్చిన సినిమాలు ఇవి. అంటే థియేటర్‌కు పోయినోళ్ళల్ల చానామందికి కథ ముందే తెలుసు. మన బాహుబలి లెక్కనే, 2025 అక్టోబర్‌ల రెండు భాగాలు కలిపి ఒక్కటే సినిమా చేసి వదిలిండ్రు గదా, అవంతిక లవ్ ట్రాక్ మస్తు కోసిండ్రు. మనం రెండు భాగాలు ఎన్నిసార్లు చూసినమో లెక్క లేదు, కోసిన జాగల మన మనసే నింపుకుంటది. ఫస్ట్ టైమ్ చూసేటోనికి నింపుకోనీకి ఏముంటది చెప్పు?

నైట్‌షిఫ్ట్:
కరీంనగర్ బ్రో, ఆ లెక్కన సినిమా సొంతంగా నిలబడదు అన్నట్టు కదా, నేను ఒప్పుకోను. మొదటి సినిమా ఎక్కడ ఆపాడో చూడు, ఒక అంత్యక్రియల ప్రసంగం దగ్గర. సిరీస్‌లో అది మధ్యలో వచ్చే ఒక ఎపిసోడ్, వచ్చే వారం ఇంకో కథలోకి వెళ్ళిపోతాం. సినిమాలో దాని తర్వాత ఏమీ లేదు, లైట్లు వేసేస్తారు, ఆ జనం అరుపులు చెవుల్లో మోగుతూ బయటికొస్తాం. ఇది కుదించడం కాదు, కొత్తగా కట్టడం. న్యూటైప్ (ఎదుటివాళ్ళ మనసు పసిగట్టగల కొత్తరకం మనుషులు) వ్యవహారం కూడా సిరీస్‌లో చివర్లో ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఉంటుంది, సినిమాల్లో ముందు నుంచే నాటుకుంటూ వచ్చాడు. శారద గారూ, మీరు 14 అన్నారు, బాగానే ఉంది, మరి 15 సంగతేంటి? అందులో శత్రువుల రోబో జాకు బొమ్మ ఎంత ఘోరంగా గీశారో లోకమంతా నవ్వుకుంది. ఇంగ్లీష్ రిలీజుల్లో ఆ ఎపిసోడ్ పెట్టొద్దని చెప్పింది కూడా టోమినోయే. తీసినాయనే వద్దన్నదాన్ని మనం మోసుకు తిరగడమెందుకు?

శారద:
మీరే మంచి ఉదాహరణ ఇచ్చారు. 15లో కథ ఏంటండీ, యుద్ధం వదిలేసి పారిపోయిన ఒక జియోన్ (శత్రువుల వైపు) సైనికుడు, డోన్, అనాథ పిల్లల్ని పెట్టుకుని ఒక దీవిలో బతుకుతుంటాడు. బొమ్మ చెడింది, ఒప్పుకున్నా. కానీ 2022లో యసుహికో, అంటే మీరు ఇందాక నెత్తిన పెట్టుకున్న ఆ యసుహికోయే, ఆ ఒక్క ఎపిసోడ్‌ని పట్టుకుని పూర్తి సినిమా తీశాడు! టోమినో పక్కన పడేసినదాంట్లో ఒక సినిమాకి సరిపడా ప్రాణం ఉందని తోటివాడికే అనిపించింది. ఏది ముఖ్యం, ఏది ఫిల్లర్ అని తేల్చే హక్కు దర్శకుడికి ఉంది, కాదనను, చూసేవాళ్ళకీ ఉంది. ముందు మొత్తం చూస్తేనే కదా ఆ తేల్చుకునేది.

తమ్ముడూ నీకు ఇంకో మాట. జీటాకి వెళ్తానన్నావు కదా, 1985లో వచ్చిన ఆ 50 ఎపిసోడ్లకీ 2005, 2006ల్లో మూడు సినిమాలున్నాయి, షార్ట్‌కట్ కదా అని వాటి జోలికి మాత్రం పోకు. వాటిలో టోమినో ముగింపే మార్చేశాడు. ఆ తర్వాత వచ్చే డబుల్ జీటా పాత ముగింపు నుంచి మొదలవుతుంది, సినిమాలు చూసి అది పెడితే హీరోకి ఈ గతి ఎందుకు పట్టిందో అర్థంకాక తల పట్టుకుంటావు.

నైట్‌షిఫ్ట్:
జీటా విషయంలో మాత్రం శారద గారితో వందశాతం ఉన్నా. ఇరవై ఏళ్ళ పాత ఫుటేజీ పక్కన కొత్తగా గీసినది పెడితే సీను సీనుకీ ఎత్తుపల్లాలు తెలుస్తాయి. 1981 సినిమాల్లో ఆ ఇబ్బంది తక్కువ, మధ్యలో రెండేళ్ళే కదా.

వైజాగ్ కుర్రాడు:
అందరికీ థాంక్స్. ఆ ఉప్పు విషయం చదివాక సినిమాలు ముందు పెట్టబుద్ధి కావట్లేదు అక్కా. రోజుకి రెండు చొప్పున సిరీస్ మొదలుపెడుతున్నా, ముళ్ళ గుండు వచ్చినా భరిస్తా. ఒకటే డౌటు, సిరీస్ మొత్తం అయ్యాక మూడో సినిమా ఒక్కటే చూడొచ్చా, లేక మూడూ వరసగా చూడాలా?

కరీంనగర్ జాకు:
మూడోది ఒక్కటే పెట్టుకో, మిగిలినవి టైమ్ దొరికినప్పుడు చూస్కో. నీకు దొరికిన దాంట్ల 14 తర్వాత సీదా 16 వస్తే ఫైల్ ఖరాబైందనుకోకు, ఇంగ్లీష్‌ల అంతే.

నైట్‌షిఫ్ట్:
మూడోది చూసిన రోజు ఇక్కడికొచ్చి చెప్పు. పెద్ద స్క్రీన్ మీద చూడు, ఫోన్లో వద్దు.