ఏడో అధ్యాయంలో నా రాజుకు కిరీటం పెట్టాలా, వద్దా?

ధర్మాబాద్ కథకుడు:
అందరికీ నమస్తే. రెండేళ్లుగా ఒక నవల రాస్తున్నా. దేశం, మతం, రాజ్యం అన్నీ కల్పితమే. ఏటి ఒడ్డున పడవ నడిపే ఒకాయన మనుషులంతా ఒకటే అని బోధిస్తాడు. మూడు తరాలు ప్రశాంతంగా గడుస్తాయి. నాలుగో తరంలో సుబేదారు ఆ పీఠం మీదున్న గురువును చంపిస్తాడు. శిష్యులు కత్తి పడతారు. అరవై ఏళ్లకు సామ్రాజ్యం వాళ్లదే. ఏడో అధ్యాయంలో సేనాపతి గుడిలో కిరీటం పెట్టుకుంటాడు, జనం జేజేలు కొడతారు.

ఇది చదివి మా బావ ఒక్కమాటలో తీసిపారేశాడు. "అందరూ సమానం అని కత్తి పట్టినోళ్లు ఒకడికి ఎట్ల దండం పెడతరు?" అన్నాడు. అప్పటి నుంచి కలం కదలట్లేదు. మతం పునాదిగా లేచిన యోధుల రాజ్యంలో రాజు ఎలా పుడతాడు? అసలు పుడతాడా?

దేగ్లూర్ సార్:
మీ బావగారికి చరిత్ర మీద కోపం ఉన్నట్టుంది. భక్తి ఉన్నచోట రాజు పుట్టడం కష్టమేమీ కాదు. దూరం పోనక్కర్లేదు, మన నాందేడ్‌నే చూడండి. 1708లో సిక్కుల పదో గురువు గోవింద్ సింగ్ గోదావరి ఒడ్డున బందా బహదూర్‌ను కలిశారు, శిష్యుణ్ణి చేసుకున్నారు, పంజాబుకు పంపారు. రెండేళ్లు తిరక్కముందే, 1710లో, బందా మొఘలుల చేతిలో ఉన్న సర్‌హింద్‌ను గెలిచాడు. జీతాలిచ్చే ఖజానా లేదు, చెప్పుకోదగ్గ ఫిరంగులు లేవు. ఉన్నది విశ్వాసం ఒక్కటే. మీ సేనాపతికి ధైర్యంగా కిరీటం పెట్టండి.

గోదారి ఒడ్డు, నాందేడ్:
సార్, మీరంటే గౌరవం. కానీ సగమే చెప్పారు. బందా వెంట నడిచిన వాళ్లలో చాలామంది రైతులు. జమీందార్ల నుంచి భూమి లాగి దున్నేవాడికే ఇచ్చాడని పేరు. విశ్వాసం పిలిచింది నిజమే, కాళ్లు కదిలింది మాత్రం భూమి కోసం కూడా. ఇంకో సంగతి. బందా కిరీటం పెట్టుకోలేదు. నాణేల మీద తన పేరు వేసుకోలేదు, గురువుల పేరు వేశాడు. 1716లో ఢిల్లీలో ఆయనను చంపేశారు.

ఆ తర్వాతి కథే తమ్ముడికి కావాల్సింది. బందా పోయాక ఒక్క రాజు లేడు. మిసల్ అని దండులు, ఒక్కోదానికి ఒక సర్దారు. బైశాఖీకి, దీపావళికి అమృత్‌సర్‌లో అందరూ కూడేవాళ్లు. సిక్కుల పవిత్ర గ్రంథం ఎదుట కూర్చుని తీర్మానం చేసేవాళ్లు. దాని పేరు గురుమత. ఆ తీర్మానం గురువు మాటే, కాదనడానికి లేదు. పల్లెలకు కాపలా కాసి పంటలో అయిదో వంతు తీసుకునేవాళ్లు. ఇలా దశాబ్దాలు నడిచింది. తిన్నగా నడిచిందని కాదు, శత్రువు కనపడకపోతే ఒకడి ఊరి మీద ఇంకొకడు పడేవాడు.

ఈ గుంపులోంచే రంజిత్ సింగ్ వచ్చాడు. 1799లో లాహోర్ పట్టాడు, 1801లో మహారాజు అయ్యాడు. అయినా సర్కారు పేరు రంజిత్ సర్కార్ కాదు, సర్కార్-ఇ-ఖాల్సా, అంటే ఖాల్సా (దీక్ష తీసుకున్న సిక్కుల సమాజం) సర్కారు. నాణెం మీద ఆయన పేరు లేదు, గురువుల పేరే. అక్కడ ఆగి ఆలోచించండి. ఇది భక్తా? భక్తే. తెలివి కూడా. నాణెం మీద రంజిత్ అని చెక్కిన రోజు మిగతా సర్దార్లంతా "మేమేం తక్కువ?" అంటారు. గురువు పేరు ఉంటే ఎవరూ తక్కువ కారు. 1805 తర్వాత ఆ పెద్ద సభలు పిలవడం మానేశాడు. గురువు పేరు ఉంచాడు, గురువు పేరున మాట్లాడే సభను తీసేశాడు. తమ్ముడూ, నీ ఏడో అధ్యాయం ఇదే.

దేగ్లూర్ సార్:
సభ ఆపేశాడని విశ్వాసం పోయిందా? అమృత్‌సర్‌లో సిక్కుల పీఠం అకాల్ తఖ్త్ పెద్ద అకాలీ ఫూలా సింగ్ మహారాజునే తప్పు పట్టి కొరడా దెబ్బల శిక్ష వేశాడని చెప్పుకుంటారు. మహారాజు వీపు చూపించి నిలబడ్డాడట. ఏ రాజు అలా నిలబడతాడు?

గోదారి ఒడ్డు, నాందేడ్:
నిలబడితే రాజ్యం నిలుస్తుందని తెలిసిన రాజు. ఇదే నేను చెప్పేది.

పర్లాకిమిడి పాఠకుడు:
ఇంత దూరం నుంచి మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. మా ఒడిశా వైపు ఇదే ఆట ఇంకో రకంగా ఆడారు. పదమూడో శతాబ్దంలో గంగరాజు మూడో అనంగభీముడు "రాజ్యం పురుషోత్తముడిది, నేను ఆయన బంటును" అన్నాడు. పురుషోత్తముడంటే పూరీ జగన్నాథుడే. తర్వాత 1430లలో కపిలేంద్రుడు వచ్చాడు. గంగవంశం వాడు కాదు, సింహాసనం కొత్తగా దక్కించుకున్నవాడు. ఆయన శాసనాల్లో ఆజ్ఞ మీరితే జగన్నాథుడికే ద్రోహం అని ఉంటుంది. చూశారా, కొత్త రాజుకే దేవుడి అవసరం ఎక్కువ! ఇప్పటికీ రథయాత్రలో పూరీ రాజు గజపతి బంగారు పిడి చీపురుతో రథం ఊడుస్తారు. కాంచీ కథలో కపిలేంద్రుడి కొడుకు పురుషోత్తమదేవుడిని కాంచీ రాజు "చీపురు పట్టేవాడికి పిల్లనెలా ఇస్తాం" అని ఎగతాళి చేస్తే యుద్ధం దాకా పోయింది. కథకుడు గారూ, మీ చక్రవర్తికి కిరీటం బదులు ఒక చీపురు ఇచ్చి చూడండి.

బిలోలి అక్క:
ఇంతసేపూ కిరీటం, కత్తి, నాణెం. వంట ఎవరు చేస్తున్నారు?

నవ్వులాటకు అనట్లేదు. ఆ గురువుల నాణెం మీదే "దేగ్, తేగ్, ఫతే" అని ఉంటుంది. ఫతే అంటే గెలుపు. తేగ్ అంటే కత్తి. దేగ్ అంటే వంట పాత్ర, మన వంటింటి డేగ్చా దాని పిల్లే. కత్తి కంటే ముందు వంట పాత్ర. నాందేడ్ గురుద్వారాలో లంగర్ (అందరికీ ఉచితంగా పెట్టే భోజనం) పంక్తిలో కూర్చున్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఒకే పంక్తిలో తినడం అంటే ఆ కాలానికి కత్తి పట్టినంత సాహసం. తమ్మీ, నీ మొదటి మూడు అధ్యాయాలు చదివిన. ఎక్కడా ఎవరూ అన్నం తినలేదు. అరవై ఏళ్లు యుద్ధం చేసినోళ్లకు జొన్నలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఆ గింజల లెక్క ఎవరి చేతిలో ఉందో వాడే నీ అసలు రాజు.

దేగ్లూర్ సార్:
అక్కా, ఈ మాట ఒప్పుకుంటున్నా. కానీ పంక్తిలో కూర్చోబెట్టింది మతమే కదా?

గోదారి ఒడ్డు, నాందేడ్:
కూర్చోబెట్టింది మతం. లేపింది జీతం. 1839లో రంజిత్ పోయాక ఏమైందో చూడండి. కొన్నేళ్లలోనే గద్దె మీద మనుషులు మారుతూ పోయారు, చివరికి చిన్నపిల్లవాడు దలీప్ సింగ్ మిగిలాడు. సైన్యంలో సిపాయిలు పంచాయతీలు పెట్టుకుని జీతం పెంచమని దర్బారునే బెదిరించారు. పాత గురుమత మళ్లీ లేచినట్టే ఉంటుంది, ఈసారి మాత్రం తూటాలతో. 1849కి ఇంగ్లీషువాళ్లు మొత్తం కలిపేసుకున్నారు. మహారాజు కట్టించిన వాటిలో మన నాందేడ్ తఖ్త్ (సిక్కుల పీఠం) మాత్రం గోదావరి దగ్గర అలాగే ఉంది. 1830లలో కట్టారు. దసరాకు అక్కడ కత్తులు దూసి హల్లా, అంటే దాడికి పోయినట్టు, పరుగెత్తుతుంటే చూడు తమ్ముడూ, నవల దానంతటదే రాసుకుంటుంది.

ధర్మాబాద్ కథకుడు:
నిన్న రాత్రి ఏడో అధ్యాయం చింపేశా. ఇప్పుడు సేనాపతి కిరీటం పెట్టుకోడు. టంకశాలలో కమ్మరి "అయ్యా, ఎవరి పేరు కొట్టాలి?" అని అడుగుతాడు. సేనాపతి చాలాసేపు మాట్లాడడు. చివరికి పడవ గుర్తు కొట్టమంటాడు. పక్కనున్న సర్దార్లు ఊపిరి పీల్చుకుంటారు. అదే రాత్రి ఏటి ఒడ్డు సభకు తాళం వేయిస్తాడు. వంటశాల లెక్కలు మాత్రం ఒక ముసలామె దగ్గర ఉంటాయి. ఆమెకు ఆ తాళం సంగతి అందరికంటే ముందు తెలుస్తుంది. దేగ్లూర్ సార్, మీ కొరడా దెబ్బల ముచ్చట ఎనిమిదో అధ్యాయానికి దాచుకున్నా.

దేగ్లూర్ సార్:
దాచుకోండి. కానీ మీ సేనాపతి నిజంగానే నమ్మాడు అని ఒక్క వాక్యమైనా రాయండి. మొత్తం రాజకీయమే అంటే నేను చదవను.

బిలోలి అక్క:
ఆ ముసలామెకు ఒక పేరు పెట్టు తమ్మీ.