రీబూట్ చేస్తే మూడో ఐపీ మాయం

నైట్‌షిఫ్ట్:
ఫ్రీబీఎస్‌డీ (యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్) సర్వర్‌లో ఒకే నెట్‌వర్క్ కార్డు మీద మూడు ఐపీ అడ్రసులు నడుస్తున్నాయి. పాత సైట్ ఒకటి తీసేశాక ఆర్‌సీ.కాన్ఫ్‌లో (బూట్ అయ్యేటప్పుడు చదివే సెట్టింగుల ఫైలు) దాని అలియాస్1 (కార్డుకి ఇచ్చే అదనపు ఐపీ) లైన్ కొట్టేశాను, అప్పట్నుంచి రీబూట్ చేసిన ప్రతిసారీ అలియాస్2 రావట్లేదు. చేత్తో ఐఎఫ్‌కాన్ఫిగ్ (కార్డుకి ఐపీ పెట్టే కమాండ్) కొడితే మాత్రం శుభ్రంగా వస్తోంది. ఏం చేయాలి?

పాతకాపు:
అలియాస్ నంబర్లు 0 నుంచి వరుసగా ఉండాలండి. మధ్యలో ఒకటి లేకపోతే బూట్ స్క్రిప్ట్ అక్కడితో ఆగిపోతుంది, ఆ కిందవి చూడదు, ఎర్రర్ కూడా ఇవ్వదు. అలియాస్2ని అలియాస్1గా మార్చండి, సరిపోతుంది.

కేబుల్‌రాజు:
పనిలో పనిగా నెట్‌మాస్క్ (ఐపీ ఏ సబ్‌నెట్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని ఏ భాగంలో ఉందో చెప్పే అంకె) కూడా చూసుకోండి. అసలు ఐపీ ఉన్న సబ్‌నెట్‌లోదే అయితే అలియాస్‌కి 255.255.255.255 ఇవ్వాలి. వేరే సబ్‌నెట్ అయితే అందులో మొదటి ఐపీకి దాని అసలు మాస్క్, మిగతావాటికి మళ్లీ 255లే. లైనక్స్ నుంచి వచ్చినవాళ్లకి ఇది వింతగానే ఉంటుంది.

పాతకాపు:
ఇంకోటి, చేత్తో కొట్టేటప్పుడు చివర అలియాస్ అన్న మాట మర్చిపోయారో, కొత్త ఐపీ చేరడం కాదు, అసలు ఐపీ స్థానంలోకే వచ్చి కూర్చుంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయి) ఉంటే అక్కడికక్కడే కనెక్షన్ పోయినట్టే, ఇక డేటా సెంటర్‌కి ఫోన్లు మొదలు.

నైట్‌షిఫ్ట్:
నంబర్ మార్చి రీబూట్ చేశా, మూడూ వచ్చాయి. థ్యాంక్స్ అన్నా.