వాడేసిన సూది గుచ్చుకుంది, ఇప్పుడేం చేయాలి?

నిన్న రాత్రి చెత్త సంచి మూతి కడుతుంటే అందులో ఎవరో పడేసిన సిరంజి సూది బొటనవేలికి దిగింది, చుక్క రక్తం వచ్చింది, గట్టిగా పిండేశా. ఎవరు వాడిందో తెలీదు. ఇంట్లో చిన్నపాప ఉంది, నా గ్లాసులో నీళ్లు తాగినా అంటుకుంటుందా? నిద్ర పట్టట్లేదు.

జవాబు: పిండకూడదండీ, సబ్బుతో పారే నీళ్ల కింద కడగాలి అంతే. ముందు డాక్టర్ దగ్గరకెళ్లండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే 72 గంటల్లోపే మొదలెట్టాలి, 28 రోజులు వాడాలి.

జవాబు: ల్యాబ్‌లో పనిచేస్తా. అందరూ హెచ్ఐవీ అని హడలిపోతారు గానీ, అది ఉన్నవాళ్లకి వాడిన సూది గుచ్చుకున్నా అంటుకునేది వెయ్యిలో 3 సార్లే. హెపటైటిస్ బి (కాలేయాన్ని దెబ్బతీసే వైరస్) అయితే టీకా లేనివాళ్లకి నూటికి 30 దాకా ఉండొచ్చు, పైగా ఎండిన రక్తంలో కూడా 7 రోజులు బతుకుతుంది. సూది లోపల బోలు కదా, రక్తం అక్కడ ఉండిపోతుంది, అసలు తంటా అదే. టీకా వేయించుకున్నారా?

జవాబు: గ్లాసు, ఉమ్ము, చెమట వల్ల హెచ్ఐవీ రాదు, పాపని ఎత్తుకోండి హాయిగా. రక్తం, వీర్యం, యోని స్రావాలు, తల్లిపాలు, ఇవీ దాని దారులు. రేజరు, టూత్‌బ్రష్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు.

టీకా సంగతి గుర్తులేదండీ. బయల్దేరుతున్నా.